చీరాల నూనె రుమాలు.. ఊరు దాటిన విద్య

చీరాల: మిర్చి కల్లాల ఎరుపు, పత్తి చేల తెలుపు, రేగడి నేల నలుపు. గుంటూరు, ప్రకాశం మైదానాలకు గుర్తుగా నిలిచే ఈ మూడు రంగులతోనే చీరాల నేతగాళ్లు ఒకప్పుడు ఒక చదరపు గుడ్డను నేశారు. అదే తేలియా రుమాలు. సముద్రం దాటి అరబ్బులకు తలగుడ్డ అయింది. బర్మా, ఏడెన్, తూర్పు ఆఫ్రికా బజార్లలో 'ఆసియా రుమాలు'గా పేరు పొందింది. ఇక్కడ మత్స్యకారులకు, పశువుల కాపరులకు అదే లుంగీ, అదే తలపాగా. ఆ విద్య నేడు పుట్టినచోట కంటే వలస వెళ్లినచోటే పదిలంగా ఉంది.

నేతకు ముందే బొమ్మ

సాధారణంగా గుడ్డ నేసిన తర్వాత దానిపై అద్దకమో, సూదిపనో చేస్తారు. తేలియా రుమాలులో బొమ్మ నూలుమీదే సిద్ధమవుతుంది. రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి, మిగిలిన భాగాన్ని రంగులో ముంచుతారు. కట్లు విప్పి, వేరే చోట కట్టి మరో రంగు పట్టిస్తారు. పడుగు, పేక రెండింటికీ ఇలాగే చేస్తారు. మగ్గంపై పడుగులోని ఎరుపు మీదికి పేకలోని ఎరుపు సరిగ్గా వచ్చి కూర్చోవాలి. పోగు జరిగితే బొమ్మ చెదురుతుంది. అందుకే నేతగాడు ఎప్పటికప్పుడు పేకను సరిచూసుకుంటూ సాగుతాడు. రుమాలు కొలత సుమారు 45 అంగుళాల చదరం. గళ్లు, చుక్కలతో పాటు ఏనుగు, సింహం, గడియారం, విమానం బొమ్మలు కూడా వీటిపై కనిపిస్తాయి.

నూనె ఎందుకు?

హిందీలో తేల్ అంటే నూనె. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీటిలోనూ పలుమార్లు నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. ఈ పని రెండు మూడు వారాలు సాగుతుంది. బూడిదలోని క్షారంతో కలిసిన నూనె పోగులోకి ఇంకి, రంగు గట్టిగా పట్టేలా చేస్తుంది. పూర్వం కోరమండల్ తీరంలో ఎరుపు కోసం చిరివేరు వాడేవారు. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారు చేసిన తర్వాత ఆ రంగు ఇక్కడికీ చేరింది. ఉతికినా నూనె వాసన పూర్తిగా పోదు. గుడ్డ మెత్తగా ఉండి, ఎండలో తలకు చల్లదనం ఇస్తుంది. ఎడారి ప్రజలు దీన్ని కోరుకోవడానికి కారణం ఇదే.

మోటుపల్లి నాటి నుంచీ..

ఈ తీరపు వస్త్రానికి ఓడ కొత్త కాదు. చీరాలకు దక్షిణాన ఉన్న మోటుపల్లి కాకతీయుల రేవు. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే ఆచారాన్ని మాన్పిస్తూ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. 13వ శతాబ్ది చివర మార్కోపోలో ఈ రాజ్యపు సన్నని వస్త్రాలను సాలెగూడుతో పోల్చాడు.

పడుగు, పేక రెండింటికీ కట్టు అద్దకం చేసే విద్య ప్రపంచంలో కొద్ది చోట్లే ఉంది. గుజరాత్‌లోని పాటన్ పటోలా, జపాన్ కసూరి, బాలి దీవిలోని తెంగనన్ గ్రామంలో నేసే గెరింగ్‌సింగ్ అలాంటివే. తెంగనన్ వారు కూడా నూలును నూనె, బూడిద నీటిలో నానబెట్టడం విశేషం.

పుట్టపాకకు పయనం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఈ పని చీరాల నుంచి నల్గొండ ప్రాంతపు మగ్గాలకు చేరింది. పోచంపల్లి చీరలకు దారి వేసిందీ ఇదే. కాలక్రమంలో విదేశీ గిరాకీ పడిపోయింది. చౌక అచ్చు గుడ్డలు పోటీకి వచ్చాయి. వారాల తరబడి నూలు నానబెట్టే శ్రమకు తగిన కూలి దక్కలేదు. చీరాల నేతగాళ్లు ఇతర రకాలవైపు మళ్లారు. నేడు ఈ పట్టణం పేరు చెబితే కుప్పడం పట్టుచీరలే గుర్తుకొస్తాయి. పుట్టపాక మాత్రం తేలియాను వదల్లేదు. ఆ ఊరి నేత కళాకారుడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ లభించింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

చీరాల 1970 వరకు గుంటూరు జిల్లాలో, ఆపై ప్రకాశంలో ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా మగ్గం విద్య ఇక్కడిదే. వెళ్లిన విద్యను తిరిగి తెచ్చుకోవడానికి పుట్టపాక గురువులు ఉన్నారు, చీరాలలో మగ్గాలూ ఉన్నాయి. కావలసింది అసలును గుర్తించి కొనేవారు. గుడ్డను తిరగేసి చూస్తే చాలు. అచ్చు వేసినదైతే వెనుకవైపు వెలిసినట్లు ఉంటుంది. అసలు తేలియాకు రెండు వైపులా ఒకే రంగు, బొమ్మ అంచున మాత్రం ఈక చీలినట్లు సన్నని చెదురు కనిపిస్తుంది.