మరచేతుల ఆపరేషన్

పిల్లలూ! హైదరాబాదులో అమీర్‌పేట దాటగానే పంజాగుట్ట వస్తుంది. అక్కడ నిమ్స్ అనే పెద్ద ఆసుపత్రి ఉన్నది. 2023లో అక్కడికి నాలుగు చేతుల యంత్రం ఒకటి వచ్చింది.

మన శరీరంలోని కణాలు అదుపు తప్పి పెరిగిపోవటమే కాన్సరు. చాలా కాన్సర్లు గడ్డ కడతాయి. పూర్వం లోపలి గడ్డను తీయటానికి పెద్ద గాటు పెట్టవలసి వచ్చేది. ఈ మరచేతులు దూరటానికి సెంటీమీటరైనా లేని రంధ్రాలు చాలు. గడ్డను బయటికి తీయటానికి మాత్రం ఒక రంధ్రాన్ని కాస్త పెద్దది చేస్తారు.

మరి యంత్రం తనంతట తానే కోస్తుందా? కోయదు. డాక్టరు కొంచెం దూరంగా కూర్చుని, లోపలి భాగాలను పెద్దవిగా చూస్తూ చేతులు ఆడిస్తాడు. మరచేతులు అలాగే ఆడతాయి. డాక్టరు చెయ్యి కాస్త వణికినా మరచెయ్యి వణకదు.

ఇది అన్ని కాన్సర్లకూ పనికిరాదు. పనికివచ్చే చోట కూడా, ముదిరిన జబ్బుకు చేయగలిగింది తక్కువ. ప్రతి గడ్డా కాన్సరు కాదు. అయినా ఏది ఏమిటో డాక్టరే చెప్పాలి. మీ బామ్మో అమ్మో ఒంటిమీది గడ్డను భయంతో, సిగ్గుతో దాచుకుంటున్నదని తెలిస్తే, "డాక్టరుకు చూపిద్దాం పద, నేనూ వస్తాను" అనండి. కాన్సరు అంటువ్యాధి కాదు. ధైర్యంగా ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళండి.