పైలట్ చెవికి ఖాళీ లేదు

రాత్రి బస్సు డ్రైవరు పాటలు పెట్టుకుంటాడు. 35,000 అడుగుల ఎత్తున, విమానాన్ని ఆటోపైలట్‌కి అప్పజెప్పి కూర్చున్న పైలట్ పెట్టుకుంటే తప్పేమిటి?

ఈ వారం ఎడిటర్ గారు నా చేతిలో పెట్టిన ప్రశ్న ఇది. గురువారం సాయంత్రానికి జవాబు ఆయన బల్ల మీద ఉండాలి. పాట లేనిదే పూట గడవని మనిషిని కాబట్టి పైలట్ల తరఫున వకాల్తా పుచ్చుకునే ఉద్దేశంతోనే పని మొదలుపెట్టాను. హైదరాబాద్–విజయవాడ రాత్రి బస్సులో ముందు సీటు దొరికినవాళ్లకు తెలుసు: సూర్యాపేట దాటాక డ్రైవరు సౌండు కాస్త పెంచుతాడు. ఆయన మేలుకునే ఉన్నాడని మనకు ధైర్యం. ఆ ధైర్యం ఆకాశంలో ఎందుకు పనికిరాదు?

నిబంధనల్ని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాయి. వాటి సంగతి తర్వాత. ముందు ఒక ప్రమాద నివేదికలో కనిపించిన ఒక్క పంక్తి గురించి చెప్పాలి. ఈ వారమంతా నన్ను తన చుట్టూ తిప్పుకున్నది అదే.

1972 డిసెంబరు 29. న్యూయార్క్ నుంచి మయామీ వస్తున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401. లాక్‌హీడ్ ట్రైస్టార్, అప్పటికి సరికొత్త విమానం. దిగబోతుండగా ముక్కు చక్రం సరిగ్గా దిగి బిగుసుకుందని చెప్పే పచ్చ దీపం వెలగలేదు. పైలట్లు ల్యాండింగ్ మానుకుని 2,000 అడుగులకు ఎక్కారు, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల వైపు తిరిగారు, ఆటోపైలట్ వేశారు. కో-పైలట్ ఆ దీపం అమరికను ఊడదీసి మళ్లీ పెట్టబోతే అది ఇరుక్కుపోయింది. చక్రాన్ని కంటితో చూసి రమ్మని ఫ్లైట్ ఇంజినీరును కింది అరలోకి పంపారు. అందరి బుద్ధీ ఆ చిన్న బల్బు మీదే. ఈలోగా ఎవరో పొరపాటున తగలడం వల్ల కాబోలు, విమానాన్ని ఒకే ఎత్తున పట్టి ఉంచే ఏర్పాటు విడిపోయింది. విమానం చాలా నెమ్మదిగా, ఒంటికి తెలియనంత మెత్తగా కిందికి జారడం మొదలుపెట్టింది.

రాత్రి 11 గంటల 40 నిమిషాల 38వ సెకనుకు కాక్‌పిట్‌లో అర సెకను పాటు ఒక శబ్దం మోగింది. నివేదిక దాన్ని ‘సి-కార్డ్’ అంటుంది. పెట్టుకున్న ఎత్తుకీ ఉన్న ఎత్తుకీ 250 అడుగుల తేడా వచ్చిందని చెప్పే హెచ్చరిక అది. ఆ శబ్దం వచ్చే చోటు ఫ్లైట్ ఇంజినీరు సీటు దగ్గర. ఆయనేమో కింద ఉన్నాడు. మిగిలినవాళ్లలో ఒక్కరూ దాని గురించి మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా టేపులో దీపం గురించి, చక్రం గురించి మాటలు సాగుతూనే ఉన్నాయి. ఎత్తు మారిందని కో-పైలట్ గుర్తించేసరికి మిగిలింది ఏడు సెకన్లు. 11 గంటల 42 నిమిషాల 12వ సెకనుకు విమానం చిత్తడిలోకి దూసుకుపోయింది. ఉన్నవాళ్లు 176 మంది, పోయినవాళ్లు 101. తర్వాత చూస్తే ముక్కు చక్రం దిగే ఉంది. మాడిపోయింది బల్బులు.

ఆ స్వరం మోగిన క్షణానికీ నేలను తాకిన క్షణానికీ మధ్య 94 సెకన్లు. విమానం బాగుంది, ఇంజిన్లు బాగున్నాయి, హెచ్చరిక కూడా సరైన సమయానికే మోగింది.

నన్ను పట్టి నిలిపింది ఆ శబ్దం స్వభావం. హార్మోనియం మీద సి మెట్టును షడ్జంగా పెట్టుకుని స, గ, ప మూడూ కలిపి నొక్కండి. అదే సి-కార్డ్. సంగీతం నేర్చుకునే పిల్లల చెవిలో మొదటి రోజే పడే స్వరాల కూడిక. కాక్‌పిట్‌లోకి పాటను రానివ్వాలా అని అడుగుతూ బయల్దేరిన నాకు, అక్కడ సంగీతం ఎప్పటినుంచో ఉందని, అది మనుషుల ప్రాణాలకు కాపలా కాస్తోందని ఈ నివేదిక చెప్పింది.

అదే స్వరం ముప్పై ఆరేళ్ల తర్వాత ఇంకో నివేదికలో కనిపించింది. 2009 జూన్ 1, రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447. అట్లాంటిక్ మీద మేఘాల్లో మంచు స్ఫటికాలు వేగం కొలిచే పిటాట్ గొట్టాలకు అడ్డుపడి వేగం లెక్కలు తప్పాయి, ఆటోపైలట్ విడిపోయింది. అక్కడి నుంచి సముద్రంలో పడేదాకా నాలుగు నిమిషాల పైచిలుకు. ఆ ఎయిర్‌బస్ ఏ330లోనూ ఎత్తు తేడాను చెప్పేది సి-కార్డే. 401లో అది అర సెకను మోగి ఊరుకుంది. ఇక్కడ ఆగకుండా మోగుతూ కాక్‌పిట్ వినికిడినంతా ఆక్రమించుకుందని ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ 2012 నివేదికలో రాసింది. దానితోపాటు రెక్కలకు గాలి పట్టు తప్పిందని చెప్పే ‘స్టాల్’ హెచ్చరిక ఒక దశలో ఏకబిగిన 54 సెకన్లు మోగింది. పైలట్లు ఇద్దరూ దాని ప్రస్తావనే తేలేదు. 228 మందీ చనిపోయారు.

ఒకచోట చిన్నగా మోగి చెవిన పడలేదు. మరోచోట చెవి నిండిపోయినా మెదడుకు ఎక్కలేదు. చూపూ బుద్ధీ ఒకచోట బిగుసుకుపోతే, చెవిలో పడ్డ శబ్దాన్ని కూడా మెదడు పక్కకు నెట్టేస్తుంది. తులూజ్‌లోని పరిశోధకులు సిమ్యులేటర్‌లో పైలట్లను కూర్చోబెట్టి దీన్ని పరీక్షించారు. కష్టమైన ల్యాండింగులో హెచ్చరిక మోగినా పట్టించుకోనివాళ్లు కనిపించారు. బధిరులు కారు, అనుభవం లేనివాళ్లూ కారు.

ఇక ఆ కాక్‌పిట్‌లో ఎన్ని ధ్వనులో చూడండి. ఎయిర్‌బస్‌లో చిన్న లోపమైతే ఒక్క గంట, పెద్ద ముప్పయితే ఆగని గంట. ఆటోపైలట్ విడిపోతే ఆశ్వికదళం దాడికి కదిలేటప్పటి బాకా. స్టాల్ అయితే కీచురాయి అరుపు. నేల దగ్గరపడుతుంటే మనిషి గొంతు. సముద్రాల మీద హెచ్‌ఎఫ్ రేడియో బరబరలు గంటల తరబడి భరించలేరని ‘సెల్‌కాల్’ అనే ఏర్పాటు పెట్టారు. ఒక్కో విమానానికీ ఒక్కో స్వరాల గుర్తు ఉంటుంది. కింది నుంచి ఆ స్వరాలను జంటలుగా పంపితే ఆ ఒక్క విమానంలోనే గంట మోగుతుంది. ఇవన్నీ కాక ఎడతెగని రేడియో మాటలు. అందులో ఎక్కువ భాగం వేరే విమానాలకు చెప్పేవి. కానీ ముందు వెళ్తున్న విమానం కుదుపులున్నాయని చెప్పడం వెనకవాడికి ఎంత విలువైన కబురో! ఆ గలగలలో తన విమానం పిలుపు వినపడగానే జవాబివ్వాలి.

బస్సు డ్రైవరుతో పోలిక ఇక్కడే తెగిపోయింది. బస్సులో కబురంతా అద్దంలోంచి వస్తుంది. కళ్లకు, కాళ్లకు, చేతులకు క్షణం తీరిక ఉండదు. చెవి ఒక్కటే ఖాళీ. ఆ ఖాళీలో పాట కూర్చుంటుంది. అర్ధరాత్రి 35,000 అడుగుల మీద అద్దంలో కనిపించేది చీకటి. స్టీరింగు తిప్పే పని లేదు. అక్కడ ఎప్పుడూ డ్యూటీలో ఉండేది చెవి.

(బాక్స్) పాట పట్టుకుని దారి

పైలట్లు ఎప్పుడూ పాటలు వినలేదనుకుంటే పొరపాటు. రేడియో దిక్కుని సూదితో చూపించే ఏడీఎఫ్ అనే పరికరం సుమారు 190 నుంచి 1,750 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. మీడియం వేవ్ స్టేషన్లు అందులోకే వస్తాయి. అంటే ఆకాశవాణి హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖపట్నం 927 కూడా. స్టేషన్ తిప్పితే సూది ఆ టవరు వైపు తిరుగుతుంది, హెడ్‌సెట్‌లో పాట వినిపిస్తుంది. దారీ తెలుస్తుంది, కాలక్షేపమూ అవుతుంది.

ఈ ఏర్పాటుకు చరిత్రలో చేదు పేజీ కూడా ఉంది. కాలిఫోర్నియా నుంచి వచ్చే బి-17 బాంబర్లు దారి తప్పకుండా ఉండేందుకు హొనొలులు స్టేషన్ కేజీఎంబీ రాత్రంతా సంగీతం ప్రసారం చేసేది. 1941 డిసెంబరు 7 తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తూ కారులో ఆ సంగీతం విన్న లెఫ్టినెంట్ కెర్మిట్ టైలర్, బి-17లు వస్తున్నాయని లెక్కవేసుకున్నాడు. రాడార్‌లో పెద్ద గుంపు కనిపిస్తోందని ఒపానా కేంద్రం నుంచి ఫోన్ వస్తే కంగారు పడొద్దన్నాడు. వస్తున్నవి జపాన్ విమానాలు. వాటి నాయకుడు మిత్సువో ఫుచిదా కూడా హొనొలులు రేడియో సంగీతం పట్టుకునే పెర్ల్ హార్బర్ దారి సరిచూసుకున్నాడు.

(బాక్స్) ముగిసింది

నిబంధనల చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1974 సెప్టెంబరు 11న షార్లట్‌లో పొగమంచులో దిగుతూ ఈస్టర్న్ 212 కూలి 72 మంది పోయారు. దిగే సమయంలో పైలట్లు రాజకీయాల నుంచి పాత కార్ల దాకా ముచ్చటించుకోవడం టేపులో దొరికింది. 1981లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ‘స్టెరైల్ కాక్‌పిట్’ నియమం తెచ్చింది: నేల మీద కదిలేటప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, 10,000 అడుగుల లోపు పనికి సంబంధించని మాటే వద్దని. ఆపై ఎత్తున మాటలకు అంత కట్టడి లేదు. 2009 అక్టోబరు 21న నార్త్‌వెస్ట్ 188 పైలట్లిద్దరూ ల్యాప్‌టాప్‌లు తెరిచి డ్యూటీల షెడ్యూలు చర్చించుకుంటూ మినియాపొలిస్ దాటి వంద మైళ్లకు పైగా వెళ్లిపోయారు. గంటకు పైగా రేడియో పిలిచినా పలకలేదు. ఎప్పుడు దిగుతామని ఎయిర్‌హోస్టెస్ లోపలి ఫోనులో అడిగితే తెలివిలోకి వచ్చారు. 2014లో పైలట్లు సీట్లో ఉండగా సొంత అవసరానికి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వాడకూడదని ఎఫ్ఏఏ తేల్చింది. ఫోనే లేకపోతే ఇక పాటెక్కడ?

పైలట్ల పక్షాన ఉన్న వాదం తేలికైనది కాదు. ఏమీ జరగని చోట చూస్తూ కూర్చోవడం మనిషికి చేతకాని పని. రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్ల కోసం నార్మన్ మాక్‌వర్త్ 1948లో చేసిన గడియారం ముల్లు పరీక్ష చెప్పింది అదే. ముల్లు ఎప్పుడో ఒకసారి రెండంగలు వేస్తుంది, దాన్ని పట్టుకోవాలి. మొదటి అరగంట దాటేసరికే మనుషులు దాన్ని వదిలేయడం మొదలుపెట్టారు. రాత్రి విమానంలో పైలట్ చేసేది సరిగ్గా ఇదే కొలువు. అందుకని నిశ్శబ్దమే క్షేమమని నేను అనను.

మన దగ్గరి ఉదాహరణ మంగళూరు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 812 కొండ మీది రన్‌వే దాటి లోయలోకి పోయి 158 మంది చనిపోయారు. కాక్‌పిట్ టేపులో కెప్టెన్ గురక వినిపించింది. రెండు గంటల ఆ టేపులో గంటన్నరకు పైగా ఆయన నిద్రలో ఉన్నాడు. నిద్రమత్తు వదలక ముందే దింపబోయాడని విచారణ చెప్పింది. ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకెక్కుదామని కో-పైలట్ చెప్పినా వినలేదు. ఇది చదివినప్పుడు, ఒక్క పాట మోగి ఉంటే మేలుకునేవాడేమో అని నాకూ అనిపించింది.

కానీ నిద్ర కరువైన మనిషికి పాట ఇచ్చి మేలుకొమ్మనడం వైద్యం కాదు. నాసా 1994లో ప్రచురించిన ప్రయోగంలో దూర ప్రయాణాల పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాల విరామం ఇచ్చారు. సగటున 26 నిమిషాలు కునుకు తీశారు. కునుకు తీసినవాళ్లు తీయనివాళ్ల కంటే చురుగ్గా విమానాన్ని దింపారు. అది ముందే అనుకుని, ఒకరు మేలుకుని ఉండగా ఇంకొకరు తీసే కునుకు. మంగళూరులో అలాంటి ఏర్పాటేమీ లేదు.

సొంత చిన్న విమానాలు నడిపేవాళ్ల సంగతి వేరు. వాళ్ల హెడ్‌సెట్‌కి బ్లూటూత్ ఉంటుంది. రేడియోలో మాట రాగానే పాట తనంతట తనే తగ్గిపోతుంది. ఇదే ఏర్పాటు పెద్ద విమానాల్లో పెట్టొచ్చు కదా అంటే, రేడియో మాట వరకు సరే. గంటలూ బాకాలూ మోగేది కాక్‌పిట్ గాలిలో. పైగా పాట ఆగినా మనసు వెంటనే ఆగదు. పల్లవి వినిపించి చరణం దగ్గర ఆపేస్తే లోపల ఎవరు పూర్తి చేస్తారు? మనమే. ఆ కాసేపూ చెవి మనది కాదు.

(బాక్స్) చప్పట్లు కొట్టించే పాట వద్దు

పనిలో పాటను అందరికంటే శ్రద్ధగా ఆలోచించింది యుద్ధకాలపు బ్రిటన్. 1940 జూన్‌లో బీబీసీ ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ మొదలుపెట్టింది. ఆయుధ కర్మాగారాల్లో ఒకే పని చేసి విసిగిపోయే కార్మికుల కోసం రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున ఎడతెరిపి లేని బాణీలు. అమెరికా నుంచి వచ్చిన ‘డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సస్’ను మాత్రం నిషేధించారు. అందులో మధ్య మధ్య చప్పట్లు కొట్టాలి. కార్మికులు పనిముట్లు దించి చప్పట్లు కొడతారనీ, పనిముట్లతోనే బల్లలు బాదుతారనీ భయం.

(బాక్స్) ముగిసింది

నా జవాబు ఇది: సీట్లో ఉన్న పైలట్ పాట వినకూడదు. పైన నిలకడగా సాగే క్రూయిజ్‌లోనూ వద్దు, ఒక చెవిలోనూ వద్దు. పాట మీద చిన్నచూపుతో అంటున్న మాట కాదు. మంచి పాట మనల్ని ఉన్నచోటు నుంచి లేపి ఇంకెక్కడికో తీసుకుపోతుంది, అందుకే దాన్ని ప్రేమిస్తాం. 176 మందిని మోస్తున్న మనిషిని ఆ సమయంలో ఎక్కడికీ పోనివ్వడానికి లేదు.

పాటకు చోటు లేదా? ఉంది. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్–షికాగో మొదలుపెట్టినప్పుడు మన ఊరి నుంచి నేరుగా అమెరికా అని తెలుగువాళ్లందరం సంబరపడ్డాం. అంత దూరపు విమానాల్లో పైలట్లు నలుగురుంటారు. ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు బంక్‌లో పడుకుంటారు. ఆ బంక్‌లో ఏ పాటైనా వినొచ్చు. హోటల్ గదిలో, ఇంట్లో, డ్యూటీకి వెళ్లే కారులో తనివితీరా వినొచ్చు. అయితే దానికి విశ్రాంతి అనేది ఒకటి నిజంగా ఉండాలి. పైలట్ల వారపు విరామాన్ని 36 గంటల నుంచి 48కి పెంచుతూ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు ప్రకటించింది. విమానం ఎక్కే మనందరం పైలట్ల పక్షాన అడగాల్సింది ఆ 48 గంటల గురించి. అవి కోత పడకుండా వాళ్ల రోస్టరులో ఉన్నాయా అని.