ఏడు కిలోల్లో ఎంత చింతపల్లి?

లంబసింగి మంచు చూడటానికి వచ్చినవాళ్లు చింతపల్లి బజారులో ఆగి కాఫీ, తేనె, మిరియాలు, రాజ్మా కొనుక్కుంటారు. బస్సెక్కేటప్పుడు ఆ సంచుల్లో ఏముందని అడిగేవాళ్లు లేరు. రైల్లోనైతే స్లీపర్ టికెట్టుకు 40 కిలోల దాకా ఉచితం. ఘాట్ దిగి, నర్సీపట్నం మీదుగా విశాఖ విమానాశ్రయం చేరాక లెక్క మారిపోతుంది. దేశంలో తిరిగే చౌక విమానాల్లో చేతి సంచికి మామూలుగా 7 కిలోలే హద్దు. కౌంటరు ముందు సూట్‌కేసు విప్పి, స్వెట్టర్లు ఒంటి మీదికి, సీసాలు సాగనంపడానికి వచ్చినవాళ్ల చేతుల్లోకి మార్చే తంతు అక్కడే మొదలవుతుంది. సర్దడం చేతకాక ఇలా అయిందని ఇంట్లోవాళ్లని విసుక్కుంటారు గానీ, పొరపాటు అంతకుముందే, సంచిని ఎంచుకున్నప్పుడే జరిగిపోయి ఉంటుంది.

ఇండిగో అనుమతించే సంచి కొలత 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 మందం. అంటే దాదాపు 48 లీటర్ల చోటు. వేయించిన కాఫీ గింజలు లీటరు డబ్బాకి 400 గ్రాములు కూడా తూగవు. అంత తేలికైన సరుకును 7 కిలోలు పోసినా ఆ సంచి సగానికి రాదు. చోటు ఉండగానే బరువు అయిపోతుందన్నమాట. అలాంటప్పుడు ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగే చక్రాల పెట్టెను మోసుకెళ్లడమంటే, దొరికిన ఏడు కిలోల్లో మూడోవంతుకు పైగా ప్లాస్టిక్కుకు, చక్రాలకు రాసివ్వడమే. గుడ్డ సంచి అర కిలోకి మించదు. ఇక తేనె సంగతి: లీటరు తేనె దాదాపు 1.4 కిలోలు, సీసా బరువు వేరే. ఒక్క సీసా అయిదోవంతు మింగేస్తుంది. కొండచీపురుది దీనికి పూర్తిగా తలకిందులు. బరువే ఉండదు, కానీ ఆ పొడవు 55 సెంటీమీటర్లలో ఇమడదు.

ఇదంతా విమాన సంస్థల దోపిడీ అనేవాళ్లున్నారు. ఆ మాట ఉత్తదని కొట్టిపారేయలేం. మన దేశంలో 2003లో ఎయిర్ డెక్కన్ చౌక టికెట్టు తెచ్చింది. 2021లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, లగేజీ వేయనివాళ్లకు టికెట్టు తగ్గించి అమ్ముకోవచ్చంది. 2024లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ చేతి సంచితోనే వెళ్లే ‘లైట్’ టికెట్లు మొదలుపెట్టింది. యూరప్‌లో రయానెయిర్ 2018 నుంచి పైన పెట్టుకునే పెట్టెకు కూడా విడిగా డబ్బు వసూలు చేస్తోంది. అక్కడి న్యాయస్థానం మాత్రం, సబబైన చేతి సంచి ప్రయాణంలో భాగమేనని 2014లోనే తేల్చింది. 2024లో స్పెయిన్ ఇలాంటి వసూళ్లకుగాను అయిదు విమాన సంస్థలకు మొత్తం 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. అయినా హద్దే ఉండకూడదంటే ఒప్పుకోలేను. 180 మంది ఎక్కే విమానంలో తలా మూడు కిలోలు ఎక్కువ తెస్తే 540 కిలోలు, అదీ నెత్తి మీది అరల్లో. నా అభ్యంతరమల్లా అదనపు బరువుకు వేసే రేటు మీద: ముందే ఆన్‌లైన్లో కొంటే ఒకటి, కౌంటరు దగ్గర అంతకంటే ఎక్కువ. ఆ రెండు రేట్లనూ టికెట్టు కొనేచోటే పక్కపక్కన చూపించాలి.

దేశీయ టికెట్లలో చాలావాటికి 15 కిలోల లగేజీ ఎలాగూ ఉంటుంది కదా, ఈ తిప్పలెందుకని అడగొచ్చు. అది ఉన్నవాళ్లకు ఈ తిప్పలు లేవు. ‘లైట్’ టికెట్టు చేతిలో ఉన్నవాళ్లు మాత్రం తేనెను, మిరియాలను బస్సు పార్సిల్లోనో స్పీడ్ పోస్టులోనో పంపుకోవడం మేలు. సీసా కారితే ఒంటి మీదున్నది తప్ప మార్చుకోవడానికి మరో జత మిగలదు. కారం పొడినైతే చేతి సంచిలో రానివ్వరు. లంబసింగిలో వేసుకున్న స్వెట్టరు విశాఖ ఉక్కపోతలో ఒంటి మీదే ఉండాలి, తప్పదు. ఇక కాటా ఎక్కిద్దాం: గుడ్డ సంచి అర కిలో, బట్టలు మూడు కిలోలు, కాఫీ రెండు. ఇంకా కిలోన్నర ఉంది. రాజ్మా కిలో కట్టించి, మిగతా అర కిలో ఫోను చార్జరుకీ, పవర్ బ్యాంకుకీ వదిలెయ్యాలి. పవర్ బ్యాంకును ఎలాగూ చేతి సంచిలోనే పెట్టుకోవాలి.