కారు మనది, బ్యాటరీ ఎవరిది?

వంటగ్యాసు వాడు గృహస్థులందఱకు తెలిసిన విషయమొకటి కలదు. సిలిండరు మనది కాదు. డిపాజిట్టు కట్టి దానిని ఇంటికి తెచ్చుకొందుము; ధర చెల్లించునది లోపలి గ్యాసునకు మాత్రమే. సిలిండరు పాతబడినచో ఆ చింత కంపెనీది. ఇంటిలోని ఇన్వర్టరు బ్యాటరీ సంగతి అట్టిది కాదు. దానిని పూర్తి వెల యిచ్చి కొందుము. కొన్నియేండ్లకు అది నీరసించినప్పుడు క్రొత్తది కొనుటయు మన వంతే. విద్యుచ్ఛక్తితో నడచు కారును కొనదలచినవారి యెదుట నేడు ఈ రెండు మార్గములును నిలిచియున్నవి. కారుతోపాటు బ్యాటరీని కొనుట యొకటి. కారును మాత్రము కొని, బ్యాటరీకి నడిచిన దూరమునుబట్టి అద్దె చెల్లించుట రెండవది. ఏది లాభము?

హైదరాబాదు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్ మొదలు చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ వరకు గల ప్రాంతము ఈ ప్రశ్నను విచారించుటకు మిక్కిలి అనువైనది. ఇది విజయవాడ జాతీయ రహదారి వెంట పెరిగిన వసతి. ఉద్యోగులు, వర్తకులు, శిక్షణాలయముల అధ్యాపకులు ఇచ్చట పెక్కుమంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గము ప్రారంభమైన పిదప అనేకులకు కచేరీకి పోవుటకు కారుతో పనిలేకపోయినది. కారు బయటికి వచ్చునది సాయంకాలపు పనులకు, ఆదివారములందు, పండుగలకు సూర్యాపేటకో విజయవాడకో పోవునప్పుడు. అదే కూడలినుండి దినమెల్ల విమానాశ్రయమునకు బాడుగ తిప్పు టాక్సీవారును కలరు. ఒకే వీథిలో నివసించు ఈ ఇరువురకు ఒకే సమాధానము చెల్లదు.

విద్యుత్కారునందు మిక్కిలి వెలగల భాగము బ్యాటరీయే. ఆ వెలను కారునుండి విడదీసినచో కారు ధర తగ్గి కనిపించును. ఎం.జి. సంస్థ 2024 సెప్టెంబరులో విండ్సర్ అను కారును విడుదల చేయుచు ఈ పద్ధతినే ప్రకటించినది. బ్యాటరీ లేక కారు ప్రారంభ ధర 9 లక్షల 99 వేల చిల్లర. బ్యాటరీకి కిలోమీటరొకటికి మూడున్నర రూపాయల అద్దె. బ్యాటరీతో సహా కొనువారికి 13 లక్షల 50 వేలు. ఈ రెండు ధరలకు నడుమ భేదము మూడున్నర లక్షలు. బ్యాటరీని ఊడదీసి మార్చుట ఇందు లేదు. అది కారులోనే బిగించియుండును; మారునది వెల చెల్లించు తీరు మాత్రమే.

లెక్క సులభమే. మూడున్నర లక్షలను మూడున్నర రూపాయలచే భాగించినచో లక్ష కిలోమీటర్లు. అనగా లక్ష కిలోమీటర్లు నడచునప్పటికి బ్యాటరీ వెల యంతయు అద్దె రూపమున చెల్లిపోవును. చార్జింగునకగు విద్యుత్తు ఖర్చు ఈ రెండు మార్గములందును వేరుగనే యుండును గనుక దానిని ప్రక్కన పెట్టవచ్చును.

అయితే చేతిలో సొమ్ములేక అప్పుచేసి బ్యాటరీని కొనువారు వడ్డీని మఱువరాదు. మూడున్నర లక్షలను నూటికి 9 వడ్డీపై అయిదేండ్లలో తీర్చవలెనన్న, నెలకు సుమారు 7,265 రూపాయల వాయిదా పడును. మొత్తము 4 లక్షల 36 వేలు. ఈ యంకెను మనస్సునందుంచుకొని మూడు కుటుంబములను ఊహింతము.

మొదటిది చైతన్యపురియందలి ఉద్యోగి కుటుంబము. కారు నెలకు 600 కిలోమీటర్లు మాత్రమే తిరుగును. నడిచినంతకే అద్దె అన్నచో నెలకు 2,100 రూపాయలు. అయిదేండ్లకు 1 లక్ష 26 వేలు. సొంతదారు వెచ్చించు 4 లక్షల 36 వేలలో ఇది మూడవ వంతుకన్న తక్కువ. అయిదేండ్ల పాత బ్యాటరీకి మూడు లక్షల విలువ నిలుచునని ఆశించుట కష్టము గనుక, ఇచ్చట అద్దెయే మేలు.

కాని ఒప్పందమున చిన్న అక్షరములలో నొక నియమముండవచ్చును: నెలకు కనీసము 1,500 కిలోమీటర్ల అద్దె చెల్లించి తీరవలెను అని. అప్పుడు కారు ఇంటి ముంగిట నిలిచియున్నను నెలకు 5,250 రూపాయలు తప్పవు. మన ఉద్యోగికి కిలోమీటరు మూడున్నర కాదు, 8 రూపాయల 75 పైసలు పడినట్లు! అయిదేండ్లకు 3 లక్షల 15 వేలు చెల్లించియు అతడు నడిపినది 36 వేల కిలోమీటర్లే. బ్యాటరీయు అతనిది కాదు.

రెండవది నిజముగనే నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగు వర్తకుని కుటుంబము. వీరు చెల్లించునదియు 3 లక్షల 15 వేలే. సొంతదారునితో పోల్చిన 1 లక్ష 21 వేలు మిగులు. అయిదేండ్ల పిదప బ్యాటరీ విలువ ఈ మిగులుకన్న ఎక్కువ నిలిచినచో కొనుటయే లాభము. తక్కువైనచో అద్దె లాభము. ఇది త్రాసు సమముగ నిలుచు చోటు.

మూడవది ఎల్.బి.నగర్ టాక్సీ. నెలకు 3,000 కిలోమీటర్లు. బాడుగ వాహనములకు అద్దె రేటు వేరుగ నుండవచ్చును. ఈ రేటే వర్తించుననుకొన్నను నెలకు 10,500 రూపాయలు, మూడేండ్లు నిండకమునుపే బ్యాటరీ వెల చెల్లిపోవును. అయిదేండ్లకు 6 లక్షల 30 వేలు. ఇచ్చట సందేహమునకు తావులేదు. అప్పుచేసియైనను కొనుటయే మేలు.

ఇక బ్యాటరీ ఆయుర్దాయము. అయిదేండ్లకే అది పాడైపోవునను భయమే పెక్కుమందిని అద్దెవైపు నడిపించుచున్నది. విండ్సర్‌లో తొలుత వచ్చినది 38 కిలోవాట్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఒక నిండు చార్జికి 250 కిలోమీటర్లు వచ్చునని అనుకొన్నచో, లక్ష కిలోమీటర్లకు 400 నిండు చార్జులు చాలును. ఈ జాతి బ్యాటరీలు వేయికి పైబడిన చార్జులను తట్టుకొనగలవు. విద్యుత్కార్ల బ్యాటరీలకు 8 ఏండ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ యిచ్చుట పరిపాటి. బ్యాటరీ ఒక్కసారిగ చచ్చుట అరుదు. క్రమముగ నిలువశక్తి తగ్గును, ఒక చార్జికి నడచు దూరము కుఱుచగును. దానికి శత్రువు దూరముకన్న వేడిమి. మే మాసమున మన నగరమందు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుచుండును గాన కారును నీడపట్టున నిలుపుట సొంతదారునకు సొమ్ము మిగుల్చును.

బ్యాటరీని అద్దెకిచ్చుట నేటి యూహ కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ విద్యుత్ సంస్థ 1910 - 1924 నడుమ లారీదారులకు బ్యాటరీ సేవను నడిపినది. వారు బ్యాటరీ లేని లారీని కొని, నెలసరి రుసుముతోపాటు మైలునకింత యని చెల్లించిరి. ఆ లారీలు మొత్తము 60 లక్షల మైళ్లకు పైగా తిరిగెను. విఫలమైన కథయు కలదు. 2007లో స్థాపితమైన బెటర్ ప్లేస్ సంస్థ ఇజ్రాయెల్, డెన్మార్కు దేశములలో కారును కొనువారికి బ్యాటరీని తాను సమకూర్చెను. 2013 మే మాసమున ఆ సంస్థ దివాలా తీసినది. కారు యజమానుల చేతిలో కారు మిగిలినది. దాని ప్రాణమైన బ్యాటరీకి, సేవకు బాధ్యత వహించువారు కఱవైరి. అద్దెకు తీసికొనువాడు వస్తువును మాత్రమేగాక అద్దెకిచ్చువాని స్థితిగతులను గూడ పరికింపవలెనని ఈ యుదంతము బోధించును.

బ్యాటరీని మార్చుకొను పద్ధతి మఱియొకటి. హైదరాబాదుననే పుట్టిన రేస్ ఎనర్జీ సంస్థ ఆటోలకు ఈ సేవను రూపొందించినది. గంటలకొలది చార్జింగునకు ఆటోను నిలిపినచో నాటి సంపాదన పోవును గాన వారికిది తగియున్నది. బ్యాటరీ లేని వాహనములను రిజిస్టరు చేయుటకు కేంద్ర రవాణా శాఖ 2020 ఆగస్టులో అనుమతించినది. కాని పన్నులో ఒక చిక్కు కలదు. బ్యాటరీతో కూడిన విద్యుద్వాహనముపై జి.ఎస్.టి. నూటికి 5; బ్యాటరీని వేరుగ కొన్నచో నూటికి 18.

ఒప్పందముపై సంతకము చేయుటకు ముందు కొన్ని ప్రశ్నలకు సమాధానములను కాగితముపై వ్రాయించుకొనుడు. కనీస దూరమెంత? అద్దె ఏటేట పెరుగునా? ఎన్ని యేండ్లకు ముగియును, ముగిసిన పిమ్మట బ్యాటరీ ఎవరిది? కారును మఱొకరికి అమ్మినచో ఒప్పందము వారికి మారునా, హామీ గూడ మారునా? అద్దె ఆలస్యమైనచో ఏమగును? ఐరోపాలో రెనో సంస్థ జోయి కారునకు వ్రాసిన అద్దె ఒప్పందమునందు, చార్జింగును దూరమునుండియే నిలిపివేయు హక్కు ఆ సంస్థకుండెను. ప్రమాదమున బ్యాటరీ చెడినచో భీమా సొమ్ము ఎవరికి చెందును?

వీటన్నిటికిని ముందు అడుగవలసిన ప్రశ్న మఱొకటి: మన అపార్టుమెంటు క్రింద మన మీటరునుండి తీగె లాగి చార్జింగు పెట్టుకొనుటకు సంఘమువారి సమ్మతి యున్నదా? అది లేనిచో సొంత బ్యాటరీయైనను అద్దె బ్యాటరీయైనను కష్టమొక్కటే.

కావున అంగడిలో వ్రాసిన ధరను చూచి నిర్ణయింపకుడు. గడచిన సంవత్సరము మీ వాహనము ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో సర్వీసు చీటీలలో వ్రాసియుండును. ఆ యంకెను పండ్రెండుచే భాగించి చూడుడు. కనీస నియమము లేక నెలకు వేయి లోపైనచో అద్దె. రెండువేలు దాటినచో సొంతము. నడుమనున్నవారు ఒప్పందమును రెండుమారులు చదివి నిశ్చయించుకొనవలెను.