కోదాడ నుంచి నేరుగా దక్షిణానికి

పటం మీద కోదాడ దగ్గర స్కేలు ఆనించి తిన్నగా కిందికి గీత గీయండి. కృష్ణ దాటి, నరసరావుపేట, అద్దంకి, నెల్లూరు పక్కగా సాగి ఆ గీత సూళ్లూరుపేట దగ్గర తేలుతుంది. అక్కడికి తూర్పున, పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట. కోదాడ నుంచి గీత దూరం సుమారు 360 కిలోమీటర్లు. సూర్యాపేట, మిర్యాలగూడ ఆ గీతకు కాస్త పడమరగా ఉంటాయి, అంతే. మన దేశపు నేల మీద నుంచి ఇప్పటిదాకా కక్ష్యకు చేరిన రాకెట్లన్నీ శ్రీహరికోట నుంచి లేచినవే.

మరి ఆ రాకెట్ మన డాబా మీద నుంచి కనిపిస్తుందా? పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. జవాబు లెక్కతో చెప్పొచ్చు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, ఇంత దూరం నుంచి చూస్తే రాకెట్ ఎక్కే మొదటి పది కిలోమీటర్ల ఎత్తూ దిగంతం కిందే ఉండిపోతుంది. ఎల్‌వీఎం3 రాకెట్‌కు రెండు పక్కలా ఉండే ఎస్200 ఘన ఇంధన బూస్టర్లు రెండు నిమిషాలకు కాస్త పైగా మండి, 60 కిలోమీటర్ల ఎత్తు దాటాక విడిపోతాయి. ఆ సమయానికి కూడా ఆ మంట మనకు దక్షిణాన, చేయి చాచి పట్టిన పిడికిలి ఎత్తుకన్నా తక్కువలోనే ఉంటుంది. పగలైతే ఆశ పెట్టుకోనక్కర్లేదు. చీకటి పడ్డాక, మబ్బు లేని రోజున, ఊరి దీపాలకు దూరంగా, చెట్టూ గుట్టా అడ్డులేని చెరువు కట్ట మీద నిలబడి ప్రయత్నించవచ్చు. రాకెట్ బంగాళాఖాతం మీదుగా మనకు దూరంగా సాగిపోతుంది గనుక దొరికితే కొన్ని క్షణాలే దొరుకుతుంది.

దగ్గర నుంచి చూడాలనుకునేవాళ్లు మిర్యాలగూడలో నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, గూడూరులో దిగి, చెన్నై వైపు బండి మారితే సూళ్లూరుపేట చేరతారు. సూర్యాపేట, కోదాడలకు రైలు లేదు. హైవే మీద బస్సు పట్టుకుని విజయవాడ వెళ్లి అక్కడ రైలెక్కాలి. శ్రీహరికోటలోని ప్రయోగ కేంద్రం షార్‌లో ప్రజల కోసం గ్యాలరీని 2019లో తెరిచారు. పేర్లు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ప్రయోగ తేదీలు మారడం మామూలే కాబట్టి ఒక రోజు చేతిలో ఉంచుకుని బయల్దేరడం మంచిది.

అయితే నా పట్టింపు ప్రయాణం గురించి కాదు. మనం అంతరిక్ష వార్తలను ఎక్కడ వదిలేస్తున్నామన్నదే నా బాధ. కౌంట్‌డౌన్ చూస్తాం, చప్పట్లు కొడతాం, మర్నాడు పేపర్లో ఫొటో చూసి పక్కన పెడతాం. అసలు కథ చాలాసార్లు ఆ తర్వాతే మొదలవుతుంది.

2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ఎగిరింది. శ్రీహరికోట నుంచి అది వందో ప్రయోగం. రాకెట్ తన పని చక్కగా చేసింది. దేశమంతా పండగ చేసుకుంది. కానీ అది మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-02 నావిగేషన్ ఉపగ్రహంలో, థ్రస్టర్లను మండించడానికి ఆక్సిడైజర్‌ను వదలాల్సిన వాల్వులు తెరుచుకోలేదు. ఉపగ్రహం చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. నాలుగు రోజులకు ఇస్రో ఆ సంగతి చెప్పింది. వందో ప్రయోగం గురించి తెలిసినవాళ్లలో ఎంతమంది ఈ రెండో వార్త చదివి ఉంటారు?

అదే ఏడాది మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో దెబ్బతింది, ఈఓఎస్-09 ఉపగ్రహం పోయింది. 2026 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ-సీ62లోనూ తేడా వచ్చింది మూడో దశలోనే. ఇంతకాలం నమ్మకానికి మారుపేరుగా ఉన్న రాకెట్ అది. మొదటి వైఫల్యంపై విచారణ నివేదికను ప్రజల ముందు పెట్టకుండానే రెండోది ఎగిరింది. ఇది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. ఈ రెండింటి మధ్యే, 2025 డిసెంబర్ 24న, ఎల్‌వీఎం3 సుమారు 6,100 కిలోల బ్లూబర్డ్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మన గడ్డ మీద నుంచి వెళ్లిన అతి బరువైన ఉపగ్రహం అదే. అంత గొప్ప పని చేయగల సంస్థను గట్టిగా ప్రశ్న అడగడం అగౌరవం కాదు.

ఇక మన పొలాలకు దగ్గరి సంగతి. 2025 జూలై 30న వెళ్లిన నైసార్ రాడార్ ఉపగ్రహాన్ని నాసా, ఇస్రో కలిసి తయారుచేశాయి. దానికి 12 మీటర్ల వెడల్పున్న యాంటెన్నా ఉంది. 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ప్రతి 12 రోజులకూ అదే నేలను మళ్లీ చూస్తుంది. మామూలు కెమెరా ఉపగ్రహానికి వానకాలంలో మబ్బు అడ్డు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల్లో నాట్లు పడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. రాడార్‌కు మబ్బూ చీకటీ అడ్డు కావు. నీళ్లు నిలిచిన మడి మీద పడ్డ తరంగం పక్కకు జారిపోతుంది కాబట్టి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పైరు పిలకలేసి ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. ఎక్కడ నాట్లు పడ్డాయో, ఎక్కడ నీరు అందలేదో అలా తెలుస్తుంది. కాలువ చివరి భూములకు నీళ్లు రాలేదన్న ఫిర్యాదు ఏటా వినే ప్రాంతానికి ఇది చిన్న విషయమా?

వాన సంగతీ అంతే. 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్ వాతావరణ ఉపగ్రహం వెళ్లినప్పుడు ఇక్కడ పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. ఆ ఏడాది సెప్టెంబర్ 1న కోదాడ వీధులు మునిగాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. మేఘాలు ఎటు కదులుతున్నాయో వాతావరణ శాఖకు పై నుంచి చూపించేవి ఆ ఇన్సాట్ ఉపగ్రహాలే.

కాబట్టి సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ సైన్స్ టీచర్లకు నా విన్నపం. తర్వాతి ప్రయోగం రోజున రాకెట్ పేరుతో పాటు ఉపగ్రహం పేరు కూడా బోర్డు మీద రాయించండి. నెలకోసారి అది ఎక్కడుంది, పనిచేస్తోందా, ఏం పంపిందని పిల్లల చేతే వెతికించండి. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో మన మండలాల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు.