పెరటికోడి గుడ్డునకు వెల యెట్లు కట్టవలెను?

జాతీయ గుడ్ల సమన్వయ సంఘము, అనగా జనులు ‘నెక్’ అని వాడుకగా పిలుచు సంస్థ, నూరు గుడ్లకింత యని ప్రతిదినము ప్రకటించు ధరల పట్టికలో విశాఖపట్టణము, విజయవాడ, హైదరాబాదులతోపాటు చిత్తూరునకును ఒక వరుస కలదు. 1982లో బండా వాసుదేవరావుగారు కోళ్లరైతులను ఒక్కత్రాటిపైకి తెచ్చి ఈ సంఘమును నెలకొల్పుటకు పూర్వము ధర నిర్ణయించువారు దళారులే. దాణా ఖర్చయినను గిట్టని ఆ రోజులలో ‘నా గుడ్డు, నా ధర, నా జీవితము’ అను నినాదము పుట్టినది. ఫారపు రైతునకు ఆ పట్టిక నిజముగా రక్షయైనది. కాని పలమనేరు ప్రక్క పల్లెలోనో, చంద్రగిరి చేరువనో, పెరటిలో నాలుగు నాటుపెట్టలను పెంచుకొను ఇల్లాలు ఆ పట్టికను చూచి తన గుడ్డునకు వెల కట్టినచో నష్టపోవుట నిశ్చయము. ఏలయన ఆ ధర యేటికి మూడువందల గుడ్ల వరకు పెట్టు తెల్లకోడి లెక్కపై నిలిచినది, నాటుపెట్టయో అరువదికి అటునిటుగా మాత్రమే పెట్టును.

వెల కట్టుటకు ముందు, అసలు అమ్మదగిన మిగులు గుడ్డు ఏదో తేల్చుకొనవలెను. నాటుపెట్ట పదిపన్నెండు గుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. ఆ పన్నెండింటిని దాని క్రింద ఉంచినచో తొమ్మిదో పదియో పిల్లలు లేచుననియు, గద్దయు పిల్లియు కొక్కెరతెగులును కలిసి సగమును హరించుననియు అనుకొందము. అట్లయినను ఆరేడు నెలలకు నాలుగైదు కోళ్లు చేతికందును, వాని వెల ముందర పన్నెండు గుడ్ల వెల లెక్కలోనిది కాదు. కావున పొదుగునకును, ఇంటి పిల్లల కంచములకును పోగా నిలిచినదే మిగులు. అట్లుగాక నాటుగుడ్డును ఫారపుగుడ్డు ధరకే అమ్మి, అదే ధరకు అంగడిగుడ్డు కొని బిడ్డకు పెట్టు ఇల్లాలికి దక్కునది శూన్యము. రెండు ధరల నడిమి అంతరమే ఆమె ఆదాయము. ఫారపుగుడ్డుకు రెండింతలడుగుట ఈ లెక్కన అత్యాశ కాదు.

ఇక కాలమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మన చిత్తూరు సీమ తమిళదేశమునకు పొరుగగుటచే పెరటాసి మాసమున, అనగా సెప్టెంబరు నడుమనుండి అక్టోబరు నడుమ వరకు, శ్రీనివాసుని భక్తులనేకులు మాంసమును గుడ్డును విడిచి శనివారములు పాటింతురు. గిరాకి సన్నగిలిన ఆ దినములలో గుడ్లను తక్కువకు తెగనమ్ముట కంటె పొదుగబెట్టుట మేలు. ఇరువదియొక్క దినములకు లేచిన పిల్లలు, మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మకును చిత్తూరు గంగమ్మకును జాతర జరుగు వేళకు ఏడు మాసముల పుంజులై, అడిగిన వెల పలుకును. ఎండకాలమున వ్యవహారము తలక్రిందులగును. పుంజు తిరుగు పెరటి గుడ్డులో బీజము వేడికి కదలి రెండుమూడు దినములలోనే గుడ్డు చెడును, పొదుగబెట్టినను పిల్లలు సరిగా లేవవు. అప్పుడు వెంటవెంటనే అమ్మివేయవలెను. అంతవరకు గుడ్లను తడియిసుకపై నిలిపిన కుండలో, మొనవైపు క్రిందికుండునట్లు ఉంచవలెను. కడుగరాదు, కడిగినచో పెంకుపైనున్న సహజమైన పొర పోయి గుడ్డు త్వరగా చెడును.

నాటుగుడ్డు పేరున జరుగు మోసములను గూర్చి మౌనము వహించుట తగదు. తెల్లగుడ్డును టీ డికాక్షనులో ముంచి రంగు పట్టించి అమ్మువారు కలరు. హైదరాబాదు రాజేంద్రనగరపు కోళ్ల పరిశోధనాలయము పెరటి పెంపకమునకై రూపొందించిన గ్రామప్రియ కోడి యేటికి రెండువందలకు పైగా గోధుమవన్నె గుడ్లు పెట్టును. అవి మంచి గుడ్లే, వానిని వాని పేరుననే, నడిమి వెలకు అమ్ముకొనవచ్చును, నాటుగుడ్లని చెప్పుట మాత్రము అన్యాయము. పెంకు రంగునకు బలముతో సంబంధము లేదు; పచ్చసొన వన్నె కోడి తిన్న మేతను బట్టి వచ్చును. నాటుగుడ్డునకు ఎక్కువ వెల యిచ్చుట దాని రుచికి, అరుదుదనమునకు, దానిని పెంచిన చేతుల శ్రమకు. ఔషధగుణములు కల్పించి అమ్మనవసరము లేదు.

పల్లెలలో గుడ్ల డబ్బు తరతరాలుగా ఆడువారి కొంగుముడిలోనిది; పిల్లల పలకకు, చీటీ వాయిదాకు అదియే ఆధారము. కొనువారికి నా విన్నపమొక్కటే: పుంగనూరు సంతలోనో, పీలేరు సంతలోనో గంప ముందరపెట్టుకొని కూర్చున్న అవ్వతో రెండు రూపాయల కొరకు బేరమాడకుడు; గుడ్డును నీళ్లలో వేసి చూడుడు, మునిగి అడుగున పరుండినచో ఆమె అడిగిన వెలకే కొనుడు.