ఎయిర్ షోలో విజిల్ వేస్తే దేశభక్తి ఉన్నట్టేనా?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునే విషయం కాస్త ఇబ్బందికరమైనదే. కానీ మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అనిపించే ఉంటుంది.

మాది విశాఖ. నాకు యుద్ధ విమానాలు చూడటం అంటే పిచ్చి. ఆర్కే బీచ్ మీద నేవీ రిహార్సల్స్ మొదలయ్యాయని తెలిస్తే చాలు, మేడెక్కేస్తాను. జెట్ తల మీద నుంచి దూసుకుపోతే విజిల్ వేస్తాను. కాసేపటికి, అసలు ఈ విమానం ఏ పని కోసం తయారైంది అని గుర్తొస్తే కడుపులో ఏదోలా అవుతుంది. ఈ రెండూ నాకు ఒకే రోజు, ఒకే గంటలో జరుగుతాయి.

దీని మీద నన్ను ఆటపట్టించే ఫ్రెండ్స్ ఇద్దరున్నారు. ఒకడేమో, "అంత విజిల్ వేశావ్ కదా, మరి యుద్ధం మాటెత్తితే మొహం మాడ్చుకుంటావేంట్రా?" అంటాడు. రెండోవాడేమో, "శాంతి శాంతి అంటావ్, మళ్ళీ బాంబులు మోసే బండికి చప్పట్లేంట్రా?" అంటాడు. చూడటానికి ఇద్దరూ ఎదురెదురు. కానీ అడిగేది ఒకటే: నువ్వు ఎటువైపు? నాకు ఈ ప్రశ్నలోనే ఏదో తేడా ఉందనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు ఆ ఒళ్ళు జలదరించే సంగతి చూద్దాం. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే జెట్ సెకనుకు 250 మీటర్లు వెళ్తుంది. అంటే జెట్ మీకు కిలోమీటరు దూరంలో ఉన్నప్పుడు చేసిన చప్పుడు మీ చెవికి చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. ఈలోపు జెట్ ఇంకో 750 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. అందుకే మనం చప్పుడు వచ్చిన వైపు తల తిప్పితే అక్కడ ఖాళీ ఆకాశమే ఉంటుంది. ఆ వెంటనే నెత్తి మీద గర్జన. ఛాతీ అదురుతుంది. పక్కనున్న పిల్లలు చెవులు మూసుకుంటారు, వేలమంది ఒకేసారి "ఓ" అంటారు.

ఇది శరీరం చేసే పని. పిడుగు పడ్డా, జాతరలో డప్పులు మోగినా ఇలాగే అదురుతుంది. నేను ఫోన్‌లో బ్రిటన్ వాళ్ళ రెడ్ యారోస్ వీడియో చూసినా నోరు తెరుచుకునే చూస్తాను. అంతమాత్రాన నాకు బ్రిటన్ మీద భక్తి పుట్టినట్టా? ఇంకో తమాషా ఏంటంటే, రెడ్ యారోస్ నడిపేదీ, మన సూర్యకిరణ్ నడిపేదీ ఒకే కుటుంబానికి చెందిన విమానం. హాక్ అని, బ్రిటిష్ డిజైన్. లైసెన్స్ తీసుకుని మన హెచ్‌ఏఎల్ ఇక్కడ తయారుచేసింది. కాబట్టి గూస్‌బంప్స్‌ని దేశభక్తి సర్టిఫికెట్ అనుకోకూడదు. అవి రానంత మాత్రాన దేశం మీద ప్రేమ లేనట్టూ కాదు.

మరి చప్పట్లు దేనికి? నావరకు అవి ఆ మనుషుల పనితనానికి. సూర్యకిరణ్ బృందం 1996లో మొదలైంది. వాళ్ళ స్థావరం మన జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్‌లో ఉంది. 2011లో వాళ్ళ కిరణ్ విమానాలు పైలట్ల శిక్షణకు అవసరమై ప్రదర్శనలు ఆపేశారు. మళ్ళీ 2015లో హాక్ విమానాలతో మొదలుపెట్టారు. 2024 డిసెంబరు 8న హైదరాబాద్ ట్యాంక్ బండ్ మీద వాళ్ళ షో చూసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. 9 విమానాలు, రెక్కకూ రెక్కకూ మధ్య కొన్ని మీటర్లే దూరం. అంత దగ్గరగా తిరగాలంటే పక్కవాడి మీద ఎంత నమ్మకం ఉండాలి?

ఆ నమ్మకానికి ఖరీదు కూడా ఉంది. 2010 మార్చి 3న హైదరాబాద్‌లోనే, బేగంపేట ఎయిర్ షోలో, నేవీ సాగర్ పవన్ బృందం విమానం బోయిన్‌పల్లిలో ఒక ఇంటి మీద కూలింది. ఇద్దరు పైలట్లు చనిపోయారు. 2019 ఫిబ్రవరిలో బెంగళూరులో షో మొదలవడానికి ముందురోజు రెండు సూర్యకిరణ్ విమానాలు గాల్లో ఢీకొన్నాయి. ఒక పైలట్ ప్రాణం పోయింది. 2025 నవంబరు 21న దుబాయ్ ఎయిర్ షోలో మన తేజస్ కూలి, వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయారు. ఆ తర్వాత కూడా షో నడిచింది. కానీ అమెరికా ఎఫ్-16 బృందం మాత్రం తన ప్రదర్శన రద్దు చేసుకుంది. వేరే దేశం పైలట్లు మన పైలట్ కోసం ఆగిపోయారు. దాన్ని ఏ దేశభక్తి అంటారు? నాకైతే అది ఆ రోజు జరిగినవాటన్నిటిలో గౌరవంగా అనిపించిన పని.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఎయిర్ షో ఒట్టి విన్యాసం మాత్రమే కాదు, సంత కూడా. బెంగళూరు యలహంకలో రెండేళ్ళకోసారి ఏరో ఇండియా జరుగుతుంది. పైన విమానం గిరికీలు కొడుతుంటే, కింద హాల్స్‌లో కంపెనీలు రాడార్లు, మిసైళ్ళు, ఇంజన్లు అమ్మకానికి చూపిస్తుంటాయి. ఇంకోపక్క పిల్లల్ని సైన్యంలో చేరమని పిలిచే స్టాల్స్ ఉంటాయి. మైకులో కామెంటరీ, వెనక మ్యూజిక్, ఎక్కడ మన గుండె ఉప్పొంగాలో అక్కడే పెరిగే సౌండ్. ఇందులో రహస్యం ఏమీ లేదు, నేరమూ లేదు. కానీ సినిమాలో ఇంటర్వెల్ ముందు బీజీఎమ్ ఎందుకు పెంచుతారో తెలిసినవాడు సినిమా ఎంజాయ్ చేయలేడా? చేస్తాడు. కాకపోతే కాస్త తెలివితో చేస్తాడు. ఇక్కడా అంతే.

ఇక నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయానికి వస్తాను. డిసెంబరు 4న నేవీ డే ఎందుకు చేస్తారు? 1971లో అదే తేదీ రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద దాడి చేశాయి. దానికి ముందు రాత్రి, అంటే 3వ తేదీ అర్ధరాత్రి దాటుతుండగా, మన విశాఖ తీరంలోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది. 2017లో వచ్చిన సినిమా వల్ల ఆ పేరు మీ అందరికీ తెలుసు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనం అంటాం, లోపలే పేలుడు జరిగిందని వాళ్ళంటారు. అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. సరిగ్గా ఐదారు రోజులకి, డిసెంబరు 9న, అటు అరేబియా సముద్రంలో మన ఐఎన్‌ఎస్ ఖుక్రీని వాళ్ళ సబ్‌మెరైన్ ముంచింది. మనవాళ్ళు 190 మందికి పైగా పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే వెళ్ళిపోయారు.

బీచ్‌లో విజయస్తూపం పక్కన ముంత మసాలా తింటూ నిలబడితే, ఎదురుగా ఉన్న ఆ నీళ్ళలోనే ఎవరి పిల్లలో పడుకుని ఉన్నారని నాకు గుర్తొస్తుంది. ఆ యుద్ధంలో మన ఊరు గెలవకపోతే నేను ఇక్కడ ఇలా మసాలా తింటూ ఉండేవాణ్ణి కాదేమో, అదీ తెలుసు. నన్ను కాపాడినవాళ్ళకి దణ్ణం పెట్టడం, అవతల పోయినవాళ్ళకి బాధపడటం, రెండూ ఒకే మనిషి చేయొచ్చు. చేయకూడదని ఎవరైనా అంటే, దేశాన్ని కాదు, వాళ్ళ కోపాన్ని ప్రేమించమంటున్నారని అర్థం.

ఇంకొక్క విషయం. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా బీచ్‌లో ఎయిర్‌ఫోర్స్ షో జరిగింది. జనం దాదాపు 15 లక్షలని అంచనా. మిట్టమధ్యాహ్నపు ఎండ, నీళ్ళకి ఇబ్బంది, తిరిగెళ్ళడానికి బస్సుల్లో, రైళ్ళలో చోటు లేదు. ఐదుగురు చనిపోయారు. ఆకాశంలో పదుల సంఖ్యలో విమానాలు సెకను తేడా లేకుండా వచ్చాయి. కింద మనుషులకి నీళ్ళు, నీడ అందలేదు. నా దృష్టిలో దేశభక్తికి అసలు పరీక్ష అక్కడే ఉంది. పైకి చూసి చప్పట్లు కొట్టినవాళ్ళం, కిందకి చూసి "నీళ్ళేవి?" అని అడిగామా లేదా? అలా అడిగినవాణ్ణి దేశద్రోహి అన్నామా, మనవాడే అన్నామా?

మన పక్కనే విజయనగరంలో ఉండి గురజాడ 1910లో దేశభక్తి గేయం రాశారు. బళ్ళో అందరం పాడినదే. ఒకసారి మళ్ళీ చదవండి. పంట గురించి, తిండి గురించి, పని గురించి, పక్కవాడికి సాయం చేయడం గురించే ఎక్కువ ఉంటుంది. దేశాన్ని మనుషులతో కొలిచిన పాట అది.

అందుకని ఈసారి ఎయిర్ షోకి వెళ్ళినప్పుడు హాయిగా విజిల్ వేయండి, రీల్ తీసుకోండి. విమానం వెళ్ళిపోయాక మూడు ప్రశ్నలు మాత్రం వేసుకోండి. దీన్ని నడిపినవాళ్ళు క్షేమంగా దిగారా? ఇది నిజంగా పని చేసిన రోజున కింద ఎవరుంటారు? ఇప్పుడు నా పక్కన నిలబడ్డవాళ్ళు క్షేమంగా ఇంటికి చేరతారా? ఈ మూడూ అడిగినందుకు ఎవరైనా "నీకు దేశం మీద ప్రేమ లేదు" అంటే, "ప్రేమ ఉంది కాబట్టే అడుగుతున్నా" అని నవ్వుతూ చెప్పండి.

ఇంతకీ నా ఫ్రెండ్స్ ఇద్దరికీ నా సమాధానం ఏంటంటే: నేను మనుషుల వైపు. విమానం లోపలున్న మనిషి, కిందున్న మనిషి, ఇద్దరి వైపూ.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.